ఏటీఆర్ ట్రైనింగ్‌కి ముందు ఏం చదవాలి?

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చింది, 200 గంటల ఫ్లయింగ్ అయింది, ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో సెలెక్ట్ అయ్యాను, నెలన్నరలో ఏటీఆర్ (రెండు ప్రొపెల్లర్ ఇంజన్ల ప్రయాణికుల విమానం) టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన శిక్షణ, మొదలు, ఏ పుస్తకం పట్టుకోవాలి అని అడిగారు. ముందుగా అభినందనలు. నేనూ అదే దారిలో వచ్చి, ఇప్పుడు హైదరాబాద్ బేస్‌లో ఏటీఆర్ 72-600 నడుపుతున్నాను. పుస్తకం సంగతి తర్వాత. ముందు కాక్‌పిట్ పోస్టర్ సంపాదించండి.

అమీర్‌పేటలో ఉండగా ఫ్లెక్స్ షాపులో పెద్ద సైజు ప్రింట్ తీయించి గోడకు అంటించాను. ఓవర్‌హెడ్ ప్యానెల్‌ని మాత్రం బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి తల మీద వేలాడదీశాం. ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎడమవైపు నా సిమ్ (సిమ్యులేటర్) పార్ట్‌నర్, కుడివైపు నేను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇంజన్ స్టార్ట్ నుంచి పార్కింగ్ దాకా ఒక్కో స్విచ్‌నీ వేలితో తాకుతూ కాలౌట్లు (పైలట్లు ఒకరికొకరు పైకి చెప్పుకునే నిర్ణీత మాటలు) గట్టిగా చెప్పేవాళ్లం. మనసులో అనుకుంటే సరిపోదు. నోరు, చెయ్యి కలిసి కదలాలి. సిమ్ సెషన్ నాలుగు గంటలుంటే మీరు నడిపేది అందులో దాదాపు సగమే. ఆ కాస్త సమయం స్విచ్‌లు వెతుక్కోవడానికి పోకూడదు.

ఒక్క విషయం మాత్రం నేను సిమ్‌లోనే నేర్చుకున్నాను. మూడో సెషన్‌లో పార్ట్‌నర్ నడుపుతున్నాడు, నాది మానిటరింగ్, అంటే అతన్ని గమనిస్తూ సాయపడే పని. టేకాఫ్‌లో వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దాటగానే ఇంజన్ ఫెయిలైంది. టెన్షన్‌లో, అతను 'కన్ఫర్మ్' అనకముందే ఆ ఇంజన్ పవర్ లివర్ వెనక్కి లాగేశాను. లాగింది సరైన లివరే. అయినా ఇన్‌స్ట్రక్టర్ సిమ్ ఆపేసి ట్రాన్స్‌ఏషియా విమాన ప్రమాదం గుర్తు చేశారు. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ఇదే 72-600లో కుడి ప్రొపెల్లర్ ఫెదర్ అయితే (రెక్కలు గాలికి అడ్డుపడకుండా తిరిగిపోతే), కెప్టెన్ బాగా నడుస్తున్న ఎడమ ఇంజన్ పవర్ తగ్గించేశాడు. విమానంలో ఉన్న 58 మందిలో 43 మంది చనిపోయారు. ఆ మాట విన్నాక నా చెయ్యి చల్లబడిపోయింది.

నిజానికి అక్కడ తొందరపడాల్సిన పనే లేదు. టేకాఫ్‌లో ఇంజన్ పోతే దాని ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేసి, రెండో ఇంజన్ పవర్ పెంచే పని ఏటీపీసీఎస్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ తనే చూసుకుంటుంది. ముందు విమానాన్ని తిన్నగా ఎక్కనివ్వాలి. ఆ రోజు నుంచి పోస్టర్ ముందు ప్రత్యేకంగా అదొక్కటే సాధన చేశాం: లివర్ మీద చెయ్యి పెట్టడం, ఏ ఇంజనో చెప్పి ఆగడం, 'కన్ఫర్మ్' విన్నాకే లాగడం. మీరు మొదటి రోజు నుంచే ఈ ఆగడం అలవాటు చేసుకోండి.

సిస్టమ్స్ బట్టీ పట్టకండి, తెల్లకాగితం మీద గీయండి. ఉదాహరణకి ఏటీఆర్‌లో ఏపీయూ (నేల మీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న అదనపు ఇంజన్) లేదు. నేల మీద ఉన్నప్పుడు కుడి ప్రొపెల్లర్‌ని బ్రేక్‌తో ఆపి, ఆ ఇంజన్‌నే నడుపుతూ కరెంటు, ఏసీ గాలి తీసుకుంటారు. దాన్నే హోటల్ మోడ్ అంటారు. అది ఎందుకో అర్థమైతే ఎలక్ట్రికల్, బ్లీడ్ (ఇంజన్ నుంచి తీసుకునే గాలి) రెండూ సగం వచ్చేసినట్టే. మెమరీ ఐటమ్స్ (అత్యవసరంలో చూడకుండా చేయాల్సిన పనులు), లిమిటేషన్లు (విమానం దాటకూడని పరిమితులు) మాత్రం అక్షరం పొల్లుపోకుండా రావాలి. వాటికి మీ కంపెనీ ఇచ్చిన మాన్యువల్ తప్ప నెట్‌లో దొరికే పాత పీడీఎఫ్‌లు వద్దు, కాలౌట్లు కంపెనీకో తీరుగా ఉంటాయి. తప్పు నేర్చుకుంటే మానడానికి డబుల్ కష్టం.

సీపీఎల్ తర్వాత గ్యాప్ వచ్చి ఉంటే ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ (మీటర్లన్నిటి మీదా వరసగా చూపు తిప్పే అలవాటు) తుప్పు పట్టి ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీదైనా ఆటోపైలట్ లేకుండా ఐఎల్ఎస్ (రన్‌వే నుంచి వచ్చే రేడియో సిగ్నల్ పట్టుకుని దిగడం) చేస్తూ ఉండండి.

ఇంకొకటి, నిద్ర. సిమ్ స్లాట్ తెల్లవారుజామున రెండింటికి కూడా పడుతుంది. నేను మొదటి వారం ఉప్పల్‌లో బంధువుల ఇంటి నుంచి శంషాబాద్‌లోని ట్రైనింగ్ సెంటర్‌కి తిరిగి అలసిపోయాను. ఆ తర్వాత సెంటర్ దగ్గర్లోనే గది తీసుకున్నాను. మీరూ సిమ్ మొదలయ్యే ముందే దగ్గర్లో గది చూసుకోండి, కుదిరితే పార్ట్‌నర్‌తో కలిసి. పోస్టర్ ఆ గది గోడకే అంటించుకోవచ్చు.