రీలులో పాట పెట్టినందుకు స్టేషన్ నుంచి పిలుపు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఊళ్లో జరిగిన ఒక మతపరమైన ఊరేగింపు వీడియోకు, ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న ఒక పాప్ పాట పల్లవిని జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీలు పెట్టాడు. సరదాకే చేశానంటాడు. రెండు రోజులు తిరగకుండా దాని కింద రెండు వర్గాలు తిట్టుకోవడం మొదలైంది. ఎవరో ఫిర్యాదు చేశారట, స్టేషన్ నుంచి ఫోను చేసి రమ్మన్నారు. పాట హక్కుదారులు శబ్దాన్ని తీసేయించారు. వెంటనే రీలు చెరిపేయమంటున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: చెరిపేసే ముందు కాస్త ఆగండి. ఫిర్యాదు సంగతి తెలిశాక హడావుడిగా తీసేస్తే, సాక్ష్యం మాయం చేశారన్న మాట పడాల్సి వస్తుంది. దానికి భారతీయ న్యాయ సంహితలో వేరే సెక్షన్లున్నాయి. ముందు రీలును, దాని కింది వ్యాఖ్యలను తేదీలతో సహా భద్రపరచండి. తర్వాత ఎవరికీ కనబడకుండా ఆర్కైవ్‌లో పెట్టించండి. గొడవ చల్లారడానికి అది చాలు.

మీవాడిపై పెట్టగల సెక్షన్లు 299 (మత విశ్వాసాలను అవమానించడం), 196 (వర్గాల మధ్య వైరం పెంచడం). పాత శిక్షాస్మృతిలో ఇవే 295ఎ, 153ఎ. మామూలుగా వీటికి మూడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. అయితే 299కి ఎవరో నొచ్చుకోవడం చాలదు. కావాలని, దురుద్దేశంతో అవమానించి ఉండాలి. దీనికి మన హైదరాబాద్ నుంచే ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో నటి ప్రియా ప్రకాశ్ వారియర్ కన్ను గీటిన మలయాళ పాట దేశమంతా మీమ్‌గా మారింది. అది ప్రవక్త సతీమణిని కీర్తించే పాట కాబట్టి ఆ కన్ను గీటడం తమ విశ్వాసానికి అవమానమని కొందరు ఫలక్‌నుమా స్టేషన్‌లో ఫిర్యాదు చేయగా 295ఎ కింద కేసు నమోదైంది. మలబారు ముస్లింలు ఎన్నో ఏళ్లుగా పాడుకుంటున్న పాట అది! ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది.

2025 మార్చిలో కాంగ్రెస్ నేత, కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇలాంటిదే. అక్కడా ఒక వీడియో, దాని వెనుక వినిపించే ఒక కవిత. మాటల ప్రభావాన్ని గట్టి మనసున్న మనుషుల దృష్టితో కొలవాలి తప్ప, ప్రతిదానికీ ఉలిక్కిపడేవారి దృష్టితో కాదని కోర్టు తేల్చింది. ఇలాంటి ఫిర్యాదుల్లో కేసు పెట్టేముందు నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 173(3) కింద 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడమే మేలని కూడా చెప్పింది.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండమనడం లేదు. నాకు తెలియాల్సింది పాట సంగతి కాదు. రీలు కింద మీవాడు సొంతంగా ఏం రాశాడు? తిట్టినవారికి ఏమని బదులిచ్చాడు? మీ ఉత్తరంలో అది లేదు. తల్లిదండ్రులు సాధారణంగా ఆ భాగం చూడరు కూడా. ఊరేగింపులో నృత్యం చూసి నవ్వితే ఒక లెక్క, ఆ మతస్థులందరినీ కలిపి ఒక మాటంటే ఇంకో లెక్క. ఉద్దేశాన్ని కోర్టు వెతికేది అక్కడే. అర్ధరాత్రి కోపంలో రాసిన ఒక్క జవాబు వల్ల సరదా అన్న వాదన నీరుగారిపోయిన కేసులు చూశాను.

ఇక ఫోను పిలుపు. ఫోనులో రమ్మన్నంత మాత్రాన అది చట్టప్రకారం నోటీసు కాదు. అదే సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వకంగా ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపినా చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా పోలీసులతో పంతానికి పోకండి. నోటీసు ఇప్పించమని మర్యాదగా అడగండి, అది చేతికి వచ్చాక న్యాయవాదిని వెంటబెట్టుకుని చెప్పిన రోజున వెళ్లండి. నోటీసుకు కట్టుబడి హాజరవుతున్న వ్యక్తిని, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు.

పాట హక్కుల మాటకొస్తే, మీవాడి వాదన బలహీనమే. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. ఒక నాటకాన్ని విమర్శిస్తూ రాసిన ప్రతినాటకాన్ని కేరళ హైకోర్టు 1996లో ఆ కారణంతోనే సమర్థించింది. మీవాడు పాటను విమర్శించలేదు, వాడుకున్నాడు. శబ్దం తీసేయడంతో హక్కుదారులు సాధారణంగా ఊరుకుంటారు. అదే పాటతో మళ్లీ పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

రీలును పంచుకున్న స్నేహితులనూ హెచ్చరించండి. వచ్చిన సందేశాన్ని ముందుకు పంపితే దాన్ని ఒప్పుకున్నట్టేనని 2018లో మద్రాసు హైకోర్టు అంది. స్టేషన్‌లో మీవాడి ఫోను తీసుకుంటే, స్వాధీన పత్రం నకలు అడిగి తీసుకోండి.