మొటిమల జెల్‌తో ముఖం మండుతోంది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల షాపులో పని. మొటిమలకు డాక్టరు అడాపలీన్ 0.1 శాతం జెల్ ఇచ్చారు. రెండు వారాలకే ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, మొటిమలూ ఎక్కువయ్యాయి. బేరానికొచ్చినవాళ్లు చీరలు వదిలి నా మొహం చూస్తున్నారు. అమ్మేమో ఆపేసి పసుపు పెట్టుకోమంటోంది. ఆపేయాలా మేడమ్?

జవాబు: ఆపొద్దమ్మా. మొదట్లో ఇలా కావడం మామూలే. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఎంత రాస్తున్నారో చెప్పలేదు. నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో చాలామంది స్నో పూసినట్టు పూసేస్తారు! ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. రాత్రిపూట, ముఖం బాగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్, దానిపైన జెల్. ప్రస్తుతానికి రోజు విడిచి రోజు. కళ్లు, పెదవులు, ముక్కు మూలలు వదిలేయండి. కడప ఎండ సంగతి తెలుసుగా, పగలు సన్‌స్క్రీన్ తప్పదు. పసుపు వద్దు, నిమ్మరసం అసలే వద్దు. గర్భం అనుకుంటుంటే మాత్రం వెంటనే మానేసి డాక్టరుకు చెప్పండి.