బార్జిల మోడల్ మొదలుపెడుతున్న మా అమ్మాయికి

చిరంజీవి లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

గోదావరిలో బార్జిల టో, అంటే టగ్గు నెట్టుకుపోయే సరుకు బార్జిల వరస, ఎలా తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని నీకు అప్పజెప్పారని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇన్నేళ్లూ ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందే ఓడ కదలికను లెక్కగట్టే ఎం.ఎం.జి. సమీకరణాలతో కుస్తీ పట్టకు. ముందుకు సాగడం, పక్కకు జరగడం, తిరగడం, ఈ మూడింటి లెక్కే అది, నీకు వచ్చేస్తుంది. కొంప ముంచేది ఏటి లెక్క. వరద వచ్చిపోతే ఇసుక మేటలు చోటు మారతాయి. అందుకే వరద తగ్గాక తీసిన లోతుల సర్వే కావాలని పట్టుబట్టు. పాతదిస్తే ఒప్పుకోవద్దు.

ప్రవాహానికి ఒక్కటే అంకె పెట్టి ఊరుకోకు. వెనక నెట్టే టగ్గు, ముందు కట్టిన బార్జిలు కలిపితే వంద మీటర్లు ఉండొచ్చు. దిగువకు పోతూ లంక పక్కన వంపు తిరిగేటప్పుడు ముందు బార్జి నెమ్మది నీళ్లలోకి వస్తుంది, టగ్గేమో ఇంకా నడి ఏట్లో ఉంటుంది. అక్కడి వడి వెనక భాగాన్ని తోసేస్తే టో మొత్తం అడ్డం తిరుగుతుంది. కాబట్టి టో పొడవును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి అక్కడి ప్రవాహాన్నే ఇవ్వు.

ఒకసారి నర్సాపురం వెళ్లి సఖినేటిపల్లికి ఏరు దాటించే పంటు ఎక్కు. దాన్ని నడిపే సరంగు నేరుగా అవతలి రేవుకేసి పెట్టడు, వడికి ఎదురుగా ఓరగా పెడతాడు. సముద్రం పోటు మీదుండి నీళ్లు ఎగువకు తిరిగితే ఆ ఓర కూడా రెండో వైపుకు మారుతుంది. నీ మోడల్‌లోనూ ఆ ఓర దానంతటదే రావాలి. దారి వెడల్పు తేల్చేది అదే. వంద మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పున్న టో 10 డిగ్రీలు ఓరగా పోతే దాదాపు 29 మీటర్ల దారి ఆక్రమిస్తుంది.

ధవళేశ్వరం దాటి కాకినాడ కాలువలాంటి ఇరుకు చోటికి వస్తే కథ వేరు. గట్టుకి దగ్గరైతే వెనక భాగాన్ని గట్టు లాగుతుంది, ముందు భాగాన్ని నెడుతుంది. పైగా వేగం పెరిగేకొద్దీ బార్జి కిందికి కుంగుతుంది. 2.2 మీటర్ల లోతు నీళ్లలో 1.8 మీటర్లు మునిగే బార్జి 5 నాట్లతో పోతుందనుకో. ఈ కుంగుడుని అంచనా వేసే బరాస్ సూత్రం ప్రకారం ఇరుకు కాలువలో దాదాపు 45 సెంటీమీటర్లు కుంగుతుంది. ఉన్న ఖాళీయే 40, అంటే అడుగు తగిలినట్టే. వేగం సగం చేస్తే కుంగుడు 11కి పడిపోతుంది. కాలువల్లో నీ మోడల్ మొదట చెప్పాల్సింది ఈ వేగం హద్దే.

ఖాళీ బార్జికి గాలి లెక్క మర్చిపోకు.

ట్రయల్స్‌లో వచ్చిన జీపీఎస్ జాడలన్నీ మోడల్‌ని సరిచేయడానికే వాడేయకు. ఎగువకు పోయిందొకటి, దిగువకు వచ్చిందొకటి ముట్టుకోకుండా దాచి, చివర్లో వాటితో పోల్చి చూడు. సరంగుల్ని పిలిచి స్క్రీన్ ముందు కూర్చోబెట్టు. "ఇది ఇలా తిరగదమ్మా" అని వాళ్లంటే వాదించకుండా ఎక్కడ, ఎందుకు అని అడిగి రాసుకో.

సర్వే ఫైలు చేతికి రాగానే నాకూ ఒకటి పంపు, లంకల దగ్గర లోతులు నేనూ చూస్తాను.

మీ పెదనాన్న