గడ్డకట్టిన నది ఫొటోలో బూడిదరంగులో ఎందుకు వస్తుంది? ఒడ్డు మీద నుంచి నేను తీసే పద్ధతి

మీరు అడిగినవి మూడు. కళ్లకు అద్భుతంగా కనిపించే గడ్డకట్టిన నది ఫొటోలో సిమెంటు గచ్చులా ఎందుకు వస్తోంది, మంచి యాంగిల్ కోసం ఐస్ మీదకు నడిచి వెళ్లొచ్చా, ఫోన్ సరిపోతుందా అని. చాలా చలికాలాలుగా నేను ఇలాంటి నదుల ఒడ్డున కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను కాబట్టి నా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను.

ముందు రెండో ప్రశ్న. ఐస్ మీదకు వెళ్లకండి. కదలని నీటి మీద గట్టి, పారదర్శకమైన ఐస్ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటే ఒక మనిషి నడవొచ్చని సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. అది చెరువులకు, సరస్సులకు చెప్పింది. నదిలో అడుగున ప్రవాహం ఆగదు, అది కింది నుంచి ఐస్‌ను కోసేస్తూనే ఉంటుంది. ఒకచోట మనిషిని మోసే గడ్డ నాలుగడుగుల అవతల పలచగా ఉండొచ్చు. వంపుల బయటివైపు, వంతెన స్తంభాల చుట్టూ, వాగు వచ్చి కలిసే చోట మరీ ప్రమాదం. పైన మంచు కప్పుకుని ఉంటే ఇంకా మోసం. అది పగుళ్లను దాచేస్తుంది, కింద ఐస్ మందంగా పెరగకుండా దుప్పటి కప్పినట్టు అడ్డుపడుతుంది కూడా. తెల్లటి ఐస్ బలాన్ని పారదర్శకమైన ఐస్‌లో సగంగానే లెక్కేస్తారు. ఆ నదిని పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్లు వెంట ఉండి దారి చూపిస్తే వేరే సంగతి. ఒంటరిగా, ఫొటో కోసం మాత్రం వద్దు.

వెళ్లకపోతే మంచి ఫొటోలు రావేమో అని దిగులు పడకండి. నది మధ్యలో నిలబడి చూస్తే నాలుగు దిక్కులా ఒకటే తెలుపు. తీయడానికి కావలసినదంతా ఒడ్డున, ఐస్ ఆగిపోయి నీళ్లు మొదలయ్యే గీత దగ్గరే ఉంటుంది.

బూడిదరంగు సంగతికి వస్తే, కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్‌కు ఎదురుగా ఉన్నది మంచో మట్టో తెలియదు. ఏది చూపించినా మధ్యరకం బూడిదరంగు వెలుతురుకు తీసుకురావాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా మంచు ఉంటే దాన్ని చీకటి చేసేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 నుంచి +2 మధ్య పెట్టమంటారు. సలహా సరైనదే, కానీ నది విషయంలో అది సగమే. గాలి మంచును ఊడ్చేసిన చోట ఐస్ తేటగా ఉండి, కిందున్న నీటి చీకటి పైకి కనిపిస్తుంది. ఆ నల్లటి ఐస్‌ను మీటర్ అనవసరంగా వెలిగిస్తుంది. అక్కడ +1 పెడితే ఫొటో పాలిపోతుంది, -0.7 దాకా తగ్గించాలి. కాబట్టి ఫ్రేమ్‌లో తెలుపు ఎక్కువా, నలుపు ఎక్కువా అని ముందు చూసుకోండి. తెలుపు ఎక్కువైతే, తీశాక హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంతో, వెలుగు ఎంతో చూపే గ్రాఫ్) కుడి అంచుకు దగ్గరగా రావాలి, అంచును గుద్దుకోకూడదు. తెలుపులో గీతలు, గరుకుదనం ఒకసారి పోతే ఎడిటింగ్‌లో తిరిగి రావు. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా కుదించని పూర్తి సమాచారంతో తీస్తే సర్దుబాటుకు కాస్త చోటుంటుంది.

రంగు గురించి కూడా ఒక మాట. ఎండ తగలని మంచు మీద ఆకాశం వెలుగే పడుతుంది కాబట్టి నీడలు నీలంగా వస్తాయి. మందంగా ఉండి బుడగలు లేని ఐస్‌కు సొంతంగానే నీలం ఛాయ ఉంటుంది, ఎందుకంటే అది ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) సరిచేస్తున్నామని ఆ నీలాన్ని మొత్తం తుడిచేసిన ఫొటోలు చూస్తే నాకు బాధేస్తుంది. చలి కనిపించేది ఆ నీలంలోనే.

ఇప్పుడు అంచు. మొదట ఒడ్డున, నీరు నెమ్మదిగా ఉండే చోట ఐస్ కడుతుంది. రాత్రి నీటిమట్టం పెరిగి తగ్గితే పాత ఐస్ పైన వేలాడుతూ మిగిలి, దాని కింద కొత్త పొర మొదలవుతుంది. ఒడ్డున కూర్చుని కెమెరాను నేలకు దగ్గరగా దించితే ఈ పొరలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. పైపొర అడుగున వేలాడే చిన్నచిన్న ఐస్ బొట్లు, వాటిని తాకీతాకకుండా పారే నీరు కూడా ఫ్రేమ్‌లోకి వస్తాయి. ఉరవడిగా ఉన్న చోట కథ వేరు. అక్కడ నీరు సున్నా డిగ్రీల కంటే ఇసుమంత కిందికి చల్లబడి, నీటి లోపలే సన్నటి స్ఫటికాలు పుడతాయి. అవి ముద్దలై పైకి తేలి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుండ్రటి బిళ్ళలవుతాయి. ఒరిపిడికి అంచులు పైకి లేస్తాయి. ఇవి ప్రవాహంతో పాటు సాగిపోతుంటే షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను దాకా పెట్టి చూడండి. ఒడ్డు ఐస్ పదునుగా నిలబడి, బిళ్ళలు చారలుగా మారతాయి. నది గడ్డకడుతోందన్న సంగతి ఆ ఒక్క ఫ్రేమ్‌లో తెలుస్తుంది. ఎండ ఎక్కువైతే లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు.

సుడి ఉన్నచోట బిళ్ళలన్నీ కలిసి ఒకే పెద్ద చక్రమై మెల్లగా తిరగడం కూడా ఉంది. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలోని వెస్ట్‌బ్రూక్‌లో, ప్రిసంప్‌స్కాట్ నది మీద 2019 జనవరిలో సుమారు 90 మీటర్ల వెడల్పు చక్రం ఏర్పడింది. అంత పెద్దది చూసే అవకాశం అరుదు. చిన్న చిన్న సుళ్ల దగ్గర మాత్రం బుల్లి చక్రాల కోసం వెతకండి.

తేట ఐస్ దొరికితే త్వరగా వదలకండి. లోపల బుడగలు, గడ్డి పరకలు, ఆకులు కనిపిస్తాయి. రాలిన ఆకు నల్లగా ఉంటుంది కాబట్టి ఎండను పీల్చుకుని, తన ఆకారంలోనే ఐస్‌ను కరిగిస్తూ కిందికి దిగుతుంది. రాత్రికి పైన మళ్లీ గడ్డకడుతుంది. అలాంటిది తీయాలంటే లెన్స్ ముందు పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) కావాలి. చాలామంది నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీసి, పోలరైజర్ పని చేయలేదంటారు. నిలువుగా చూస్తే అది ఏమీ చేయదు. ఐస్ ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడే ప్రతిబింబాన్ని బాగా తీసేస్తుంది. ఫోకస్ పై గీతల మీద కాకుండా లోపలి వస్తువు మీదే మాన్యువల్‌గా పెట్టండి, అపెర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్/8 లేదా ఎఫ్/11 చాలు. కెనడాలోని అబ్రహం లేక్ బుడగల ఫొటోలు మీరు చూసే ఉంటారు. అది కూడా నార్త్ సస్కాచ్‌వాన్ నది మీద కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరే. అడుగున కుళ్లే మొక్కల నుంచి వచ్చే మీథేన్ ఐస్‌లో పొరలుగా చిక్కుకుంటుంది.

టైమ్ అడిగితే సూర్యోదయమే అంటాను. తెరిచి ఉన్న నీటి నుంచి ఆవిరి లేచేది, పక్కన రెల్లు మీద తెల్లటి తుషారం మందంగా ఉండేది అప్పుడే. సూర్యుడు ఎదురుగా ఉండేలా నిలబడితే ఆవిరి, ఐస్ అంచులు రెండూ వెలుగుతాయి. కాసేపటికే ఎండకు తుషారం రాలిపోతుంది, కాబట్టి చోటు ముందు రోజు సాయంత్రమే చూసి పెట్టుకోండి.

చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. లోపలి రసాయన చర్య నెమ్మదించడమే కారణం, పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. స్పేర్ బ్యాటరీ లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. రెండూ మార్చి మార్చి వేస్తే వేడెక్కినది మళ్లీ కొంతసేపు లాగుతుంది. లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదకండి, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. రబ్బరు బ్లోయర్ వాడండి. ట్రైపాడ్ కాళ్లను మంచులోకి గట్టిగా నొక్కి, కుంగడం ఆగాకే లాంగ్ ఎక్స్‌పోజర్ (షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి తీయడం) మొదలుపెట్టండి. వేళ్లకు పలచటి గ్లవ్స్, వాటి మీద మందపాటివి వేసుకుంటే బటన్లు నొక్కడానికి పైవి మాత్రమే తీస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇంట్లోకి వచ్చే క్షణం. చల్లటి కెమెరా మీద వెచ్చటి గాలిలోని తేమ నీటి బొట్లుగా పేరుకుంటుంది, లోపల కూడా చేరొచ్చు. బయట ఉండగానే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసేయండి. గది వేడికి వచ్చేదాకా, రెండు మూడు గంటలైనా సరే, తెరవకండి.

ఫోన్ సరిపోతుందా అంటే, అంచు ఫొటోలకు హాయిగా సరిపోతుంది. స్క్రీన్‌లో ఐస్ కనిపించే చోట వేలితో నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ (వెలుతురు) లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును మంచుకైతే పైకి, నల్లటి ఐస్‌కైతే కిందికి జరపండి. చాలా వెడల్పుగా చూపించే అల్ట్రావైడ్ లెన్స్ జోలికి వెళ్లకండి, అది అంచును దూరంగా నెట్టేసి మళ్లీ తెలుపే మిగులుస్తుంది. 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ ఉంటే అది వాడండి. చాలా ఫోన్లు సున్నా డిగ్రీల పైన వాడటానికే తయారైనవి కాబట్టి 40 శాతం చార్జ్ ఉండగానే ఆగిపోవచ్చు. ఒక్కో ఫొటోకీ జేబులోంచి తీసి, తీసిన వెంటనే మళ్లీ లోపల పెట్టేసుకోండి.