డి అంజాలో చేరితే బాబుకి రెండేళ్లు వేస్ట్ అవుతాయా – సమాధానం

అక్కా, యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల్లో) సీటు రాలేదని, కమ్యూనిటీ కాలేజ్ అంటే చుట్టాలు తక్కువగా మాట్లాడుతున్నారని రాశారు కదా, దయచేసి ఆ మాటలు పట్టించుకోకండి. కాలిఫోర్నియాలోని కుపర్టినోలో డి అంజా కమ్యూనిటీ కాలేజ్ 1967 నుంచి నడుస్తోంది, ట్రాన్స్‌ఫర్ (ఇక్కడ రెండేళ్లు చదివి యూసీ లాంటి యూనివర్సిటీలోకి మారడం) విషయంలో దానికి మంచి పేరుంది. కాలిఫోర్నియా రెసిడెంట్స్‌కి యూనిట్‌కి (అంటే కోర్సు క్రెడిట్‌కి) 31 డాలర్లే, ఇంట్లోంచి వెళ్లొస్తాడు కాబట్టి హాస్టల్ ఖర్చు లేదు.

ముఖ్యమైంది ట్యాగ్, అంటే యూసీ వాళ్లిచ్చే అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి, అప్లికేషన్ సెప్టెంబర్‌లోనే, అది మిస్సయితే ఆ ఏడాదికి అంతే. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగోకి ట్యాగ్ లేదు గానీ మామూలుగా ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేయొచ్చు. బాబుకి కంప్యూటర్ సైన్స్ కావాలన్నారు, దానికి కొన్ని క్యాంపస్‌లు ట్యాగ్ ఇవ్వవు, ముందే చూసుకోండి.

టైమ్ పోయేది ఎక్కడంటే తప్పు క్లాసులు తీసుకున్నప్పుడే. అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో డి అంజా, కావాల్సిన యూసీ, మేజర్ సెలెక్ట్ చేస్తే ఏ కోర్సు దేనికి సరిపోతుందో వస్తుంది, అది ప్రింట్ తీసి మొదటి క్వార్టర్ (సుమారు మూడు నెలల టర్మ్) రిజిస్ట్రేషన్‌కి ముందే కౌన్సెలర్‌ని కలవమనండి. ట్రాన్స్‌ఫర్‌కి మొత్తం 90 క్వార్టర్ యూనిట్లు కావాలి, క్వార్టర్ సిస్టమ్ కాబట్టి మిడ్‌టర్మ్స్ గబగబా వచ్చేస్తాయి, మొదటి వారం నుంచే చదవాలి. క్లబ్బుల్లో చేరమనండి, క్లాస్ అవ్వగానే ఇంటికొచ్చేస్తే ఫ్రెండ్స్ దొరకరు.