మీ ఆంప్లిఫయర్ మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: టీడీఏ7294 ఐసీతో (శబ్దాన్ని పెంచే చిప్‌తో) చిన్న ఆంప్లిఫయర్ కట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24 (మధ్య తీగ నుంచి రెండు వైపులా 24 వోల్టుల ఏసీ), 5 ఆంపియర్లు. స్పీకరు 4 ఓములు. గట్టిగా పది నిమిషాలు పాడాక శబ్దం ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. ఐసీకి బిగించిన హీట్‌సింక్‌ను (వేడిని గాలికి వదిలే రెక్కల అల్యూమినియం దిమ్మను) ఇనుప పెట్టెకు తగిలించగానే ఫ్యూజు పోయింది. నాకు నకిలీ ఐసీ అంటగట్టారా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఐసీని అనుమానించకండి. లోపలి వేడి 145 డిగ్రీలకు చేరితే మ్యూట్ అయ్యేలా (శబ్దం ఆపేలా), 150 దగ్గర స్టాండ్‌బైలోకి (పని ఆపి ఊరుకునే స్థితిలోకి) వెళ్లేలా దాన్ని తయారుచేశారు. చల్లబడగానే మళ్లీ పాడుతుంది. మీరు చూస్తున్నది అదే.

తప్పు వోల్టేజీ దగ్గరుంది. 24-0-24ను డీసీగా మారిస్తే ప్లస్ మైనస్ 33 వోల్టులు వస్తాయి. 8 ఓముల స్పీకరుకు అది చక్కగా సరిపోతుంది. 4 ఓములకు మాత్రం తయారీదారు 27 వోల్టుల దగ్గరే లెక్క చూపించాడు. మీ అమరికలో ఐసీ ఒక దశలో 55 వాట్లను వేడిగా వదలాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండింటిని ఆ పెట్టెలో పెట్టి మూత వేసినట్టే. 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ వేయండి, వేడి 30 వాట్లకు దిగుతుంది. స్పీకరుకు 55 వాట్ల పైచిలుకు అందుతుంది, ఇంటికి అది చాలా ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ కూడా చిన్నదవుతుంది కాబట్టి పెట్టెలో చోటు మిగులుతుంది.

ఇక ఫ్యూజు. ఈ ఐసీ వెనుక ఉన్న లోహపు రేకు మైనస్ సప్లయికి కలిసి ఉంటుంది. మీ పెట్టె గ్రౌండు. హీట్‌సింక్ ద్వారా రెండూ కలిస్తే షార్టే. ఐసీకీ హీట్‌సింక్‌కీ మధ్య మైకా ముక్క (కరెంటును ఆపి వేడిని పోనిచ్చే పల్చని రేకు), దాని రెండు వైపులా పల్చగా వేడిని పంపే పేస్టు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ (తొడుగు) తప్పనిసరి. మైకా పెట్టినా నా మొదటి బోర్డుకు ఇదే గతి పట్టింది. విప్పి వెలుతురులో పెట్టి చూస్తే, డ్రిల్లు వేసిన రంధ్రం అంచున లేచిన సన్నని అల్యూమినియం ముల్లు మైకాను చీల్చుకుని వచ్చింది. అప్పటి నుంచి ఏ రంధ్రం వేసినా దాని అంచును పెద్ద డ్రిల్లు బిట్టుతో చేత్తో తిప్పి నున్నగా చేస్తాను, వేలి కొనతో తడిమి చూశాకే మైకా పెడతాను. బిగించాక మల్టీమీటరు బజ్జరుతో రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య చూడండి. కూత రాకూడదు.

హీట్‌సింక్ రెక్కలు పెట్టె బయట, నిలువుగా ఉండాలి. లోపల పెడితే గాలి ఆడదు.

మళ్లీ కరెంటు ఇచ్చేటప్పుడు లైనులో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సీరీస్‌లో (కరెంటు దాని గుండానే వెళ్లేలా) పెట్టండి. ఒకసారి మెరిసి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి షార్టు వెతకండి. స్పీకరు తగిలించే ముందు అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవండి. 100 మిల్లీవోల్టులు దాటితే స్పీకరును ఆ వైర్ల దగ్గరికి రానివ్వకండి.