గుర్రం ఎక్కకముందే రెయిన్‌కోటు వేసుకో

చిట్టితల్లీ,

జూలైలో మంగోలియా వెళ్ళి, అక్కడ ఖువ్స్‌గుల్ సరస్సు దగ్గర్నుంచి దర్‌ఖాద్ లోయ దాకా పన్నెండు రోజులు గుర్రం మీద వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నువ్వు రాసుకున్న సామాన్ల లిస్టు కూడా పంపాడు. అది చూశాకే కంగారు పుట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు జీన్స్, నాలుగు కాటన్ చొక్కాలు, చలువ కళ్ళద్దాలు, చలికి ఒక్క పల్చటి స్వెటర్! వేసవి అనగానే నీ మనసులో మన మే నెల మెదిలినట్టుంది. మంగోలియాలో వానలు ఎక్కువగా పడేదే వేసవిలో, అందులోనూ జూలైలో. పైగా ఆ సరస్సే 1,645 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యాహ్నం 25 డిగ్రీల ఎండ కాస్తుంది, తెల్లారేసరికి టెంటు బయట నాలుగు డిగ్రీలుంటుంది. కొండ దారుల్లో జూలైలోనూ మంచు పడొచ్చు.

అన్నిటికంటే ముందు రెయిన్‌కోటు సంగతి. అక్కడికి నా మొదటి ప్రయాణంలో రెండో రోజు మధ్యాహ్నం ఆకాశం నిర్మలంగా ఉంది. పడమటి కొండ మీద చిన్న నల్ల మబ్బు కనిపించింది. మా గైడ్ వెంటనే గుర్రం దిగి, తన డీల్ (మంగోలులు వేసుకునే పొడవాటి అంగీ) మీద వానకోటు తొడుక్కుని మళ్ళీ ఎక్కాడు. ఇంకా దూరంగానే ఉంది కదా అని నేను ఊరుకున్నాను. పది నిమిషాల్లో చినుకులు మొదలయ్యాయి. జీను మీద కూర్చునే సంచిలోంచి ప్లాస్టిక్ పాంచో, అంటే తల మీంచి వేసుకునే వదులు వానకోటు, లాగాను. అది గాలికి పటపటా కొట్టుకోగానే గుర్రం చెవులు వెనక్కి వాల్చి ఒక్క ఉదుటున దూకింది. పాంచో నా మొహానికి చుట్టుకుంది, కళ్ళాలు చేతిలోంచి జారాయి. పచ్చికలో పడ్డాను కాబట్టి మణికట్టు బెణకడంతో సరిపోయింది. అదే రాళ్ళ మీదయితే ఏమయ్యేదో. ఆ గుర్రాలు సగం అడవి జంతువుల్లాగే పెరుగుతాయమ్మా. ప్లాస్టిక్ చప్పుడంటే వాటికి హడల్. అందుకని పాంచో వద్దు. ఒంటికి పట్టి ఉండే, చప్పుడు చెయ్యని కోటు, ప్యాంటు కొనుక్కో. మబ్బు కనిపించగానే నేల మీద నిలబడి వేసుకో. గుర్రం మీద ఉండగా ఏదీ తొడుక్కోకు, ఏదీ విప్పకు.

రెండోది, నిద్రకు విడిగా ఒక జత. ఉన్ని థర్మల్స్, ఉన్ని మేజోళ్ళు, ఒక టోపీ. వీటిని ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి మెలితిప్పి కట్టు, దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్ళీ కట్టు. స్లీపింగ్ బ్యాగుకీ అంతే. సామాను మోసే గుర్రం ఏటిలో నడుము లోతు నీళ్ళలో దిగుతుంది, అప్పుడు పై సంచి ఏమీ ఆపలేదు. పగలు ఎంత తడిసినా సరే, ఈ జతను మాత్రం టెంటులోకి వెళ్ళేదాకా ముట్టుకోకు. పొద్దున్నే మళ్ళీ ఆ తడి బట్టలే వేసుకోవాలంటే ఏడుపొస్తుంది, తెలుసు. అయినా వేసుకో. జీన్స్ ఇంట్లోనే వదిలెయ్. తడిస్తే రెండు రోజులైనా ఆరదు, కుట్టు ఒరుసుకుని తొడలు పుండ్లు పడతాయి. మీలో ఎవరికైనా వణుకు ఆగిపోయి మాట తడబడుతుంటే అక్కడికక్కడే ఆగిపోండి. పొడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో చుట్టండి. తెలివిగా ఉండి మింగగలిగితేనే గోరువెచ్చటి టీ పట్టించండి.

రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఒక రోజు దొరికితే నారన్‌తూల్ బజారుకెళ్ళి ఒక డీల్ కొనుక్కో. అది మోకాళ్ళు కప్పుతుంది, గాలిని ఆపుతుంది, రాత్రి దుప్పటిగానూ పనికొస్తుంది. నడుముకు బిగించే పొడవాటి గుడ్డ వల్ల గుర్రం కుదుపుకి పొట్ట, నడుము కదలకుండా ఉంటాయి. వాళ్ళ జాతీయ పండగ నాదమ్ జూలై 11 నుంచి 13 దాకా. ఆ రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసేస్తారు, ముందే చూసుకో.

ఉరుము వినపడితే కొండ అంచు నుంచి కిందికి దిగి, గుర్రం కూడా దిగిపోవాలి. ఒంటరి చెట్టు కిందికి వెళ్ళొద్దు. ఏరు దాటాలా, ఆగాలా అన్నది గైడ్ మాట. వాన పడ్డ మర్నాడు ఆయన రోజంతా ఆగుదామంటే టెన్షన్ పడకు, విమానం టికెట్టు గుర్తు చెయ్యకు. అందుకే లెక్కలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకో.

దోమలు, జోరీగలు ఉత్తరాన విపరీతం. తలకు వేసుకునే వల ఒకటి పెట్టుకో. సాయంత్రం ఎండు పేడ రాజేసి పొగ పెడితే గుర్రాలు కూడా ఆ పొగలోకొచ్చి నిలబడతాయి, నువ్వూ వాటి పక్కనే కూర్చో. ఎవరైనా గెర్‌లోకి, అంటే వాళ్ళ గుండ్రటి గుడారం ఇంట్లోకి, పిలిస్తే ఉప్పు వేసిన పాలటీ ఇస్తారు. మొదటి గుక్క వింతగా ఉంటుంది, తడిసొచ్చిన రోజున ఇంకో గిన్నె నువ్వే అడుగుతావు. ఎండు పెరుగు ముక్క ఆరూల్ ఇస్తే నాలుగు జేబులో వేసుకో. దారిలో చప్పరిస్తే ఓపికొస్తుంది.

సన్‌స్క్రీన్ ఉండనీ, ఆ ఎత్తులో కావాలి. స్లీపింగ్ బ్యాగు మాత్రం ఇప్పుడే కొనకు. సున్నా కంటే కింద ఐదు డిగ్రీల దాకా పనికొచ్చేది నా దగ్గరుంది. ఆదివారం వచ్చి అందులో దూరి చూడు, పొడవు సరిపోతే తీసుకెళ్దువుగాని.

మీ పెద్దనాన్న